మైకుకి నాలుగు వేళ్ళ దూరం

నేను మొదట కొన్న మైకుకి మా ఇంట్లో వినపడనిదంటూ లేదు. ఫోన్లలో డేటా చవకై, ఎవరికి వాళ్ళు గొంతు రికార్డు చేసి లోకం మీదికి వదలడం మొదలుపెట్టిన రోజులవి. దాన్ని పాడ్‌కాస్ట్ అంటారని మా కాలేజీ లైబ్రరీకి వచ్చే పిల్లలు చెప్పారు. విజయనగరంలో ఆ లైబ్రరీలోనే నా ఉద్యోగం. పగలంతా మాట్లాడొద్దని పిల్లల్ని కసిరే పని కాబట్టి సాయంత్రమయ్యేసరికి నాకే మాట్లాడాలనిపించేది. చదివిన పుస్తకాల గురించి వారానికో పావుగంట మాట్లాడదామని, ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకున్న కండెన్సర్ మైకు ఒకటి తెప్పించుకున్నాను.

అది సన్నటి చప్పుడుని కూడా పట్టేస్తుందని రాశారు. అబద్ధం రాయలేదు. మా కాపురం నెల్లిమర్లలో. మొదటిరోజు రికార్డు చేసింది విని చూసుకుంటే నా మాట వెనకాల ఫ్యాను తిరుగుతోంది, పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసింది, జూట్ మిల్లు సైరను మోగింది. ఇవన్నీ ఒక ఎత్తు. డాక్టరు నూనె వస్తువులు మానమన్నాక మా ఆయన వంటింట్లో పిల్లిలా జంతికల డబ్బా మూత తీసిన చప్పుడు కూడా స్పష్టంగా ఉంది.

"దీన్ని పోలీసోళ్ళకిచ్చీ. ఆళ్ళకి పనికొస్తాది," అన్నాడు ఆయన దొరికిపోయి.

ఫ్యాను ఆపాను. కిటికీలు మూశాను. ఎవరో చెప్పారని నెత్తిన దుప్పటి కప్పుకుని మాట్లాడాను. వేసవికాలం. పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెప్పేసరికి చెమటకి కాగితాలు తడిసి అక్షరాలు అలికిపోయాయి. నెల తిరక్కుండా మైకు బీరువా ఎక్కింది. అంతకుముందే అక్కడ నా కుట్టుమిషను సామాను, రంగుల డబ్బాలు ఉన్నాయి. నా ఆరంభశూరత్వానికి ఆ బీరువానే సాక్షి.

ఆ మైకుని మళ్ళీ తలుచుకోవాల్సి వచ్చింది అత్త వల్ల. అత్తంటే మా నాన్న చెల్లెలు. పాతపట్నంలో మెయిన్ రోడ్డు మీద మావయ్య కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. తమ్ముడు పుట్టాక అమ్మ జబ్బు పడితే నాలుగేళ్ళపాటు నన్ను పెంచింది అత్తే. అత్తకి పిల్లల్లేరు. ఆ వీధికంతకీ నోము కథలు చెప్పేది ఆవిడే. పండగనాడు ఆడవాళ్ళు స్నానాలు చేసి, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని అత్త ముందు కూర్చునేవారు. కథ అయ్యేదాకా గుప్పిట తెరవకూడదు. అయ్యాక ఆ అక్షింతలు నెత్తిన వేసుకుని లేచేవారు. నేనూ చిన్న గుప్పిటతో వాళ్ళ మధ్య కూర్చున్నదాన్నే.

నోము కథలు పుస్తకాల్లో దొరకవా అంటే దొరుకుతాయి. అత్త కథలు దొరకవు. పుస్తకంలో రాజుగారి పట్నం ఉన్నచోట అత్త కథలో పర్లాకిమిడి సంత ఉంటుంది. ఏడో కోడలు బెల్లం బుట్ట నెత్తినెట్టుకుని మోకాల్లోతు నీళ్ళలో మహేంద్రతనయ దాటుతుంది. అవతలి ఒడ్డున ముసలమ్మ ఒడియాలో దీవిస్తుంది. తరాజులో దొంగ తూకం వేసినవాడికి కడుపునొప్పి వస్తుంది. ఆ మాట వచ్చినప్పుడు అత్త కొట్టు వైపు ఓసారి చూసేది, మావయ్య దగ్గేవాడు. ఇవన్నీ అత్త అత్తగారు చెప్పినవీ, అత్త కలిపినవీ. ఎక్కడా రాసి లేవు.

ఆ అత్తకి గొంతు ముందు చిన్న నిమ్మకాయంత కాయ లేచింది. థైరాయిడ్ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషను చేయాలన్నారు. మాట పలికించే నరం ఆ పక్కనుంచే పోతుందట, జాగ్రత్తగానే చేస్తాం గానీ గొంతు ఇదివరకటిలా ఉంటుందని మాటివ్వలేం అన్నాడు డాక్టరు. ఆ సంగతి అత్తే నాకు ఫోన్లో చెప్పింది.

"కోతంటే నాకు భయం నేదే గుంటా. కార్తీకానికి గొంతు నేకపోతే కథలు ఎవులు సెప్తారే?"

ఆపరేషనుకి ఇరవై రోజుల గడువుంది. కథలన్నీ ఆవిడ గొంతులోనే రికార్డు చేసి ఉంచాలని ఫోను పెట్టేసేలోపే నిర్ణయించుకున్నాను. పుస్తకాల గురించి నా పావుగంటలు పోతే లోకానికి నష్టం లేదు. ఇది పోతే నాకు నష్టం. నాకు అంత కచ్చితంగా తెలిసిన విషయాలు జీవితంలో ఎక్కువ లేవు.

బీరువాలోని మైకుని పాతపట్నం తీసుకెళ్తే ఏమవుతుందో తెలుసు. ముందు బస్సులు, కొట్లో బేరాలు, వెనక పెరట్లో బోరింగు. రెండు రాత్రులు ఇంటర్నెట్‌లో మైకుల గురించి చదివాను. చదివినకొద్దీ తల తిరిగింది. ఒకడు బంగారమన్నదాన్ని ఇంకొకడు ఇత్తడన్నాడు. చివరికి విజయనగరంలో పెళ్ళిళ్ళకి సౌండు సిస్టం అద్దెకిచ్చే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. మా కాలేజీ వార్షికోత్సవానికి ఎప్పుడూ ఆయనే వస్తాడు.

"ఏటి రికార్డు సేస్తారమ్మా? పాటా, మాటా?" అని అడిగాడు.

"కథలు. మా అత్త చెప్తుంది."

"సుట్టూ గలాటా ఉంటాదా?"

ఇల్లు ఎక్కడుందో చెప్పాను.

"అయితే అన్నీ వినీ మైకు మీకొద్దు. సెవిటి మైకు కావాల," అని లోపలికెళ్ళి మూడు డైనమిక్ మైకులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంతవరకూ ఇంటర్నెట్‌లో చదివిన పాఠమంతా ఆ ఒక్క మాటలో అర్థమైంది. డైనమిక్ మైకు దగ్గరగా ఉన్నదాన్నే వింటుంది. దూరంగా ఉన్నదాన్ని పెద్దగా పట్టించుకోదు. వెనకవైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు వినదు.

మూడింట్లో ఒకటి విదేశీ సరుకు, ధర వినగానే దాని మీంచి చెయ్యి తీసేశాను. ఒకటి మరీ చవక, ప్లాస్టిక్ ఒళ్ళు, చేత్తో పట్టుకుంటేనే గరగరమంటోంది. మూడోది మధ్యరకం. ఇనుప జల్లెడ మూతి, చేతిలో బరువుగా ఉంది. ఆయన దాన్ని బల్ల మీద రెండుసార్లు కొట్టి చూపించాడు, గీతైనా పడలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి మూడింట్లోనూ నాచేత మాట్లాడించాడు. వీధిలో ఆటోలు పోతూనే ఉన్నాయి. మధ్యరకం మైకులో ఆటోలు ఎక్కడో పక్క ఊళ్ళో పోతున్నట్టున్నాయి, నా గొంతు మాత్రం నా పక్కనే ఉంది. మైకు కొనడమంటే మనకి ఏం వినపడాలో చూసుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏం వినపడకూడదో కూడా ముందే తేల్చుకోవాలని ఆ రోజు తెలిసింది. అదే తీసుకున్నాను. మైకుకీ కంప్యూటరుకీ మధ్య తగిలించే చిన్న డబ్బా ఒకటి, ఎవరో వాడి ఇచ్చేసినది, సగం ధరకి ఇచ్చాడు.

"ఒక్కమాట గుర్తెట్టుకోండమ్మా. మూతికీ దీనికీ నాలుగు వేళ్ళ సందు, అంతే. దాటితే ఇది పలకదు. అప్పుడు డబ్బాలో సౌండు పెంచితే పాములాగ బుస్సుమంటాది."

నాలుగు రోజులు సెలవు పెట్టి పాతపట్నం వెళ్ళాను. కొట్టుకీ ఇంటికీ మధ్య పప్పుబస్తాలు, పంచదార బస్తాలు పేర్చిన చీకటి గది ఒకటుంది. అందులో చప్పట్లు కొట్టి చూస్తే మోత లేదు, బస్తాలు మింగేస్తున్నాయి. స్టూడియోలు కట్టేవాళ్ళు గోడలకి దూది అంటిస్తారని చదివాను, మావయ్య కందిపప్పు అంటించి పెట్టాడు. అక్కడే కుర్చీ వేసి అత్తని కూర్చోబెట్టాను. ఎలా మాట్లాడాలో చూపించడానికి ముందు నేనే మైకుకి మూతి ఆనించినంత పని చేసి, "అనగా అనగా ఒక ఊళ్ళో" అని గట్టిగా చెప్పి, తుంపర పడితే చున్నీతో తుడిచాను. అత్త అది చూసింది.

"నువ్వు సెప్తంటే నేను ఊ కొట్టనత్తా. మైకులో పడిపోద్ది," అన్నాను.

"ఊ కొట్టకపోతే ఎవులికి సెప్తన్నానని సెప్పాలే?"

"మైకుకి సెప్పు."

"దానికి ఆకలా, దప్పికా. దానికేటి తెలుస్తాది కష్టం?" అంది గానీ మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం ఐదు కథలు చెప్పింది. ఏ కథా నేను విన్నంత పొడుగు లేదు. ఏడో కోడలు నది దగ్గర నిలబడిందే లేదు, గబగబా దాటేసింది. నేను మాత్రం కంప్యూటరు తెర మీద గీతలు ఆడుతున్నాయా లేదా అని చూసుకుంటూ, అవి తగ్గినప్పుడల్లా డబ్బాలో సౌండు పెంచుకుంటూ కూర్చున్నాను. అత్త మొహం చూడలేదు. సాయంత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే బుస్సుమని ఒకటే హోరు, దాని అడుగున ఎక్కడో నూతిలోంచి మాట్లాడుతున్నట్టు అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. సౌండాయనకి ఫోన్ చేసి, పాడైపోయిన సరుకు అంటగట్టారని నానా మాటలూ అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"నాలుగు వేళ్ళ సందు సెప్పేరా అమ్మా?"

"చెప్పాను."

"సెప్పేరు. సూసేరా?"

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకే తగులుతుందని తోచి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు తెర మూసేసి అత్తనే చూశాను. మొదటి మాట నాలుగు వేళ్ళ దూరంలోనే చెప్పింది. రెండో మాటకి తల కొంచెం వెనక్కి పోయింది. ఐదో మాటకి జానెడు. కుర్చీ ముందుకి లాగాను. మళ్ళీ అంతే. మైకు జరిపాను. అత్త ఈసారి మొహమే పక్కకి తిప్పి పప్పుబస్తాలకి కథ చెప్పడం మొదలుపెట్టింది.

"ఏటత్తా, అది కరుస్తాదా?"

అత్త మెల్లిగా అంది, "నువ్వు మూతెట్టిన దాన్లో నేను మూతెట్టి పుణ్యకథ ఎలా సెప్తానే? ఎంగిలి కాదేటి?"

నిన్న నేను చూపించిన నాటకం, చున్నీతో తుడవడం అన్నీ కళ్ళముందు తిరిగాయి. లోకంలో ఏ మైకు కంపెనీవాడూ కాగితం మీద రాయని లోపం ఇది. రాత్రంతా నేను డబ్బాని అనుమానించాను, తీగని అనుమానించాను, మంచివాడైన సౌండాయన్ని తిట్టాను. మా ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తిపట్టుకునే తాగుతామన్న సంగతి మాత్రం తట్టలేదు.

"నన్ను పెంచినదానివి. నా ఎంగిలి నీకు ఎంగిలేటి?" అన్నాను.

"సిన్నపిల్లల ఎంగిలి ఎంగిలి కాదు. నీకు నలభై రెండొచ్చాయి."

"అయితే ఐదు కథలు తగలేసినట్టేనా? నిన్ననే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు నొచ్చుకుంటావని."

ఆ మెత్తదనానికి కరగాల్సింది పోయి నాకు కోపం నెత్తికెక్కింది. రెండు రోజుల సెలవు ఉంది, పద్నాలుగో పదిహేనో కథలున్నాయి, ఆ తర్వాత ఆస్పత్రి. "రేపు గొంతే నేకపోతే నీ మడిని ఏటి సేసుకుంటావు?" అని అరిచేశాను.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కొట్లో మావయ్య తూకం ఆపేసిన నిశ్శబ్దం నాకు వినపడింది. అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను మైకు ముందు కూర్చుని నా నోటిని నేనే తిట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అత్తతో నేను అలా మాట్లాడలేదు.

కాసేపటికి వచ్చింది. చేతిలో జానెడు వెడల్పు గుడ్డముక్క. మావయ్య పెళ్ళినాటి పొందూరు పంచె, చిరిగిపోతే దేవుడి గూట్లోకి ముక్కలు చేసి ఉంచుకుంది. ఉతికి, ఎవరూ ముట్టకుండా దండెం మీద ఆరేసినది.

"నా మడిని ఏటి సేసుకుంటానో తర్వాత సూద్దాం. ముందు దీన్ని దానికి కట్టు. బట్ట అడ్డముంటే ఎంగిలి అంటదు." ఒక్క క్షణం ఆలోచించి, "తడిపి కడదామేటి?" అంది.

"తడిస్తే సచ్చిపోద్దత్తా," అని దండం పెట్టాను.

"అలగైతే పొడిదే," అంది దయతలచి. శాస్త్రం ఆవిడదే, సడలింపూ ఆవిడదే.

కట్టాను. సన్న నూలు, అరచేతిలో పెడితే చెయ్యి కనపడేంత పల్చన. మాట దానిలోంచి ఏ అడ్డూ లేకుండా వచ్చింది. అంతేకాదు, ప, బ అన్నప్పుడల్లా మైకుని కొట్టే గాలిని ఆ గుడ్డ ఆపేసింది. దానికోసం రికార్డు చేసేవాళ్ళు విడిగా జల్లెడ కొనుక్కుంటారు. అత్త పెదవులు గుడ్డకి దాదాపు తగిలేంత దగ్గరగా జరిగాయి.

నేను ఇంకో పని కూడా చేశాను. కంప్యూటరు పక్కన పెట్టి, మైకు వెనకవైపు నేలమీద, అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాను. వెనక నుంచి వచ్చేది మైకుకి పట్టదు కదా. అత్త నా గుప్పిట్లో నాలుగు అక్షింతలు పోసింది. నేను ఊ కొట్టాను.

అప్పుడు వచ్చాయి కథలు. ఏడో కోడలు ఏటి ఒడ్డున ఆగింది, బుట్ట దించింది, నీళ్ళలో తన నీడ చూసుకుంది, పుట్టింటిని తలుచుకుని ఏడ్చింది. నేను ఊ అంటే అత్త కళ్ళు మెరిసేవి. అనడం ఆలస్యమైతే ఆగేది. బయట బస్సు హారన్ కొట్టింది, కొట్లో ఎవరో ఒడియాలో బేరమాడారు. వాటికి మైకులోకి దారి దొరకలేదు. రెండు రోజుల్లో, పాడైన ఐదూ కలిపి, పందొమ్మిది కథలు చెప్పింది. చివరిదయ్యాక నేను అక్షింతలు నెత్తిన వేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపి తనే వేసింది.

ఆపరేషను బాగానే అయింది. కాయ మంచిదే, క్యాన్సరు కాదన్నారు. గొంతు మాత్రం రాలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. డాక్టరు చెప్పినట్టు ఊదడాలు, పలకడాలు అన్నీ చేసింది. చివరికి మిగిలింది గుసగుస, పక్కనున్నవాళ్ళకి వినపడేంత. ఫోన్లో అదీ వినపడేది కాదు. మావయ్యే మాట్లాడి, "మీ అత్త నవ్వుతన్నాది" అనో, "తల ఊపుతన్నాది" అనో చెప్పేవాడు. కథల్ని ఇంటర్నెట్‌లో పెట్టాను. విన్నవాళ్ళు పట్టుమని వందమంది లేరు. నాకేమీ బాధ లేదు. రోజూ బస్సులో లైబ్రరీకి వెళ్తూ నేను వినేదాన్ని.

కార్తీకం వచ్చింది. నాగులచవితికి వీధి ఆడవాళ్ళు ఎప్పట్లాగే వస్తామన్నారు. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. కంప్యూటరు, మైకు, ఒక స్పీకరు సర్దుకుని వెళ్ళాను. రికార్డు స్పీకర్లో వినిపిస్తాను, వీలైతే మధ్యలో అత్తచేత మైకులో రెండు మాటలు చెప్పిస్తాను. మైకు పలుకుతోందా అని నేనే హలో హలో అని చూసి బల్ల మీద పెట్టాను. గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసి ఉంది, తర్వాత కట్టొచ్చులే అనుకున్నాను.

పదిమంది ఆడవాళ్ళు గుప్పిళ్ళు మూసి కూర్చున్నారు. స్పీకర్లో అత్త పాత గొంతు, నిండు గొంతు, అనగా అనగా అంది. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. అందరూ ఊ కొట్టారు. కానీ స్పీకర్లో అత్త వాళ్ళకోసం ఆగలేదు, ఆ రోజు నాకోసం ఎంత ఆగిందో అంతే ఆగింది. పదిమంది ఊ తర్వాతి మాట మీద పడి, ఆ మాట పోయింది. ఒకావిడ చంటిపిల్ల ఏడ్చింది, కథ ఆగలేదు. ఎవరో "ఏటన్నాది?" అని పక్కావిడని అడిగారు. ఊలు ఒక్కొక్కటే తగ్గి, ఏడో కోడలు ఏరు దాటేసరికి ఆగిపోయాయి. అత్త గోడకి ఆనుకుని అందరి మొహాలూ చూస్తోంది. అంతమంది కూర్చుని కూడా తన గొంతుకి ఎవరూ ఊ కొట్టని కథ ఆవిడ జీవితంలో అదే మొదటిదనుకుంటాను. నేను చేసిన పనికి నాకు సిగ్గేసింది.

అత్త లేచి వచ్చి నా చెవిలో, "ఆపీ. నువ్వు సెప్పు," అంది.

"నాకు రాదత్తా."

"పందొమ్మిదింటికి ఊ కొట్టినావు. రాకేటి."

తన పీట నాకు వేసి, తను నా ముందు, నేలమీద ఆడవాళ్ళలో కూర్చుంది. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుంది. పదిమంది నావైపు చూస్తున్నారు. "అనగా అనగా ఒక ఊళ్ళో ఏడుగురు కోడళ్ళు," అన్నాను.

ఎవరూ పలకలేదు. కొత్తదాని కథకి ఎవరు ముందు ఊ కొట్టాలో వాళ్ళకి తెలియలేదు. అత్త పెదవులు కదిలాయి, ఏమీ వినపడలేదు. ఆవిడ చెయ్యి చాచి బల్ల మీది మైకు అందుకుంది.

"అత్తా, ఉండు, గుడ్డ కట్టలేదు. ఇందాక నేను..." అని లేవబోయాను.

కూర్చోమని చేత్తో సైగ చేసింది. ఆ ఇనుప మూతిని పెదవులకి ఆనించుకుంది. స్పీకర్లోంచి, గది నిండా, బొంగురుగా, "ఊఁ" అని వినపడింది.

నేను రెండో మాట చెప్పాను.